కార్ఖానాల కథ – 9: చేతివిద్య చేజారిన ష్విన్ ఇల్లు

ఆదివారం తెల్లవారుతూనే తూంకుంట దాటి శామీర్‌పేట చెరువు వైపు రాజీవ్ రహదారి పట్టే సైకిళ్ల గుంపులు ఇప్పుడు నగరానికి కొత్త కాదు. సన్నటి టైర్లు, చూపుడువేలితో లేపగలమా అనిపించేంత తేలికైన ఫ్రేములు. వాటి మీది పేర్లలో ‘జెయింట్’ ఒకటి. అది తైవాన్ కంపెనీ, ఈనాడు ప్రపంచంలో అతిపెద్ద సైకిల్ తయారీ సంస్థల్లో ఒకటి. అదే రోడ్డు మీద పాలక్యాన్లు వేలాడదీసుకుని వచ్చే నల్ల సైకిళ్లు హీరో, అట్లాస్, హెర్క్యులిస్. ఈ రెండు వరుసల్లోనూ దాదాపుగా కనిపించని పేరు ‘ష్విన్’. ఒకప్పుడు అమెరికాలో పిల్లవాడు సైకిల్ కావాలంటే ఆ పేరే చెప్పేవాడు. జెయింట్ ఇంత ఎత్తుకు ఎదగడానికి నిచ్చెన వేసింది కూడా ఆ ష్విన్ కుటుంబమే.

గత వారం సనత్‌నగర్ ఆల్విన్ గురించి చెప్పుకున్నాం. 1942లో అల్లావుద్దీన్ కంపెనీ, నిజాం ప్రభుత్వ పారిశ్రామిక నిధి కలిసి మొదలుపెట్టిన ఆ కార్ఖానా బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు, గడియారాలు చేసి చివరికి ముక్కలుగా చేతులు మారింది. అది ప్రభుత్వం నడిపిన సంస్థ కథ. ఈ వారం ఒకే కుటుంబం నాలుగు తరాలు నడిపిన సంస్థ కథ. ప్రభుత్వ సంస్థ మునిగితే ఫైళ్లను తప్పుపడతాం, కుటుంబ సంస్థ మునిగితే వారసులను తప్పుపడతాం. ష్విన్ విషయంలోనూ చాలామంది అక్కడే ఆగారు. నాకు మాత్రం అంతకన్నా లోతైన కారణం కనిపిస్తుంది. మేడ్చల్, శామీర్‌పేట దారుల్లో షెడ్లు వేసుకుని ఇతరుల కోసం సరుకు తయారు చేసే ప్రతి యజమానికీ, ప్రతి పనివాడికీ అది అక్కరకొచ్చే సంగతి.

హార్డ్‌హైమ్ నుంచి షికాగోకు

ఇగ్నాజ్ ష్విన్ 1860లో జర్మనీలోని హార్డ్‌హైమ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. యంత్రాల పని నేర్చాడు, సైకిల్ కార్ఖానాల్లో చేశాడు. 1891లో ఓడెక్కి అమెరికాలోని షికాగో చేరాడు. అప్పటికి సైకిల్ అమెరికాను ఊపేస్తోంది. రెండు చక్రాలూ ఒకే సైజులో ఉండి, చైనుతో తిరిగే ‘సేఫ్టీ’ సైకిల్ వచ్చాక ఆడవాళ్లు, మగవాళ్లు, గుమాస్తాలు, డాక్టర్లు అందరూ తొక్కేవారే. షికాగో ఆ పరిశ్రమకు రాజధాని లాంటిది.

ఇగ్నాజ్ చేతిలో పని ఉంది, డబ్బు లేదు. మాంసం వ్యాపారంలోనూ బ్యాంకులోనూ సంపాదించిన అడాల్ఫ్ ఆర్నాల్డ్ దగ్గర డబ్బు ఉంది. ఇద్దరూ కలిసి 1895లో ‘ఆర్నాల్డ్, ష్విన్ అండ్ కంపెనీ’ పెట్టారు. పెట్టిన కొద్ది ఏళ్లకే సైకిల్ మోజు చల్లబడింది. వీధికొకటిగా పుట్టిన కంపెనీలు వీధికొకటిగా మూతపడ్డాయి. ఇగ్నాజ్ నిలదొక్కుకున్నాడు. 1908లో ఆర్నాల్డ్ వాటా కొనేశాడు. అప్పటి నుంచి కంపెనీ పూర్తిగా ఇంటిది.

తర్వాత ఆయన మోటార్‌సైకిళ్లలోకీ దిగాడు. ఎక్సెల్సియర్, హెండర్సన్ పేర్లతో అమెరికాలో పెద్ద తయారీదారుల సరసన నిలిచాడు. మహా మాంద్యం ముంచుకొచ్చాక 1931లో ఆ పనంతా ఆపేసి తిరిగి సైకిల్ మీదే బతకాలని నిర్ణయించాడు. నడుస్తున్న కార్ఖానాను ఆపడానికి ధైర్యం కావాలి. ఇంటిపెద్దకు పని క్షుణ్ణంగా తెలుసు కాబట్టే ఆ ధైర్యం వచ్చింది.

నాలుగింట ఒకటి

కొడుకు ఫ్రాంక్ డబ్ల్యూ. ష్విన్ రెండో తరం. మాంద్యం నాటికి అమెరికా సైకిళ్లు నాసిరకంగా తయారయ్యాయి. పెద్ద దుకాణాలు ధర తగ్గించమంటాయి, తయారీదారులు సరుకు తగ్గించి ఇస్తారు. ఫ్రాంక్ ఎదురు దారి పట్టాడు. జర్మనీలో చూసిన లావుపాటి గాలి టైర్లను 1933లో అమెరికా సైకిల్‌కు తొడిగాడు. టైరు కంపెనీలు మొదట ఒప్పుకోలేదు, ఆయన పట్టుబట్టి చేయించాడు. గుంతల దారుల్లోనూ మెత్తగా నడిచే ఆ ‘బెలూన్ టైర్’ రెండు మూడేళ్లలో దేశమంతా పాకింది. 1934 నాటి ఏరోసైకిల్‌ను విమానం, మోటార్‌సైకిల్ పోలికలతో తీర్చిదిద్దాడు. 1938లో పందేల కోసం ‘పారామౌంట్’ అనే మేలురకం ఫ్రేమును చేతిపనితో చేయించడం మొదలుపెట్టాడు. సైకిల్ మీద జీవితకాలం హామీ రాసిచ్చాడు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ‘బ్లాక్ ఫాంటమ్’ వచ్చింది. మెరిసే మడ్‌గార్డులు, ముందు లైటు, ట్యాంకు ఆకారపు పెట్టె. ఆ సైకిల్ కోసం పొరుగిళ్లలో గడ్డి కోసి, ఇంటింటికీ పేపర్లు వేసి డబ్బులు దాచుకున్న పిల్లలు ఒక తరమే ఉన్నారు. 1950 నాటికి అమెరికాలో అమ్ముడైన ప్రతి నాలుగు సైకిళ్లలో దాదాపు ఒకటి ష్విన్‌ది.

ఫ్రాంక్ మరో మార్పూ తెచ్చాడు. మందుల షాపులు, హార్డ్‌వేర్ కొట్లు అన్నీ సైకిళ్లు అమ్మే కాలంలో, బెండు తీయడం, చైను సర్దడం, బ్రేకు బిగించడం తెలిసిన దుకాణాలకే సరుకు ఇస్తానన్నాడు. డీలర్లకు శిక్షణ ఇప్పించాడు. కొన్న చోటే మరమ్మతు దొరుకుతుందన్న నమ్మకం ఆ పేరుకు బలమైంది.

కోర్టు మెట్ల మీద

ఆ ఏర్పాటు మీదే ప్రభుత్వం కేసు వేసింది. డీలర్లకు ప్రాంతాలు పంచిపెట్టి, వాళ్లు ఎవరికి అమ్మాలో కంపెనీయే శాసిస్తే పోటీ దెబ్బతింటుందన్నది వాదన. 1958లో మొదలైన ఆ కేసు 1967లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తీర్పు ష్విన్‌కు వ్యతిరేకంగా వచ్చింది. 1977లో అదే కోర్టు వేరే కేసులో ఆ సూత్రాన్ని పక్కన పెట్టింది కానీ, అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది.

ఆ తీర్పులో నమోదైన లెక్కలు మనకు ముఖ్యం. 1951లో ష్విన్ వాటా 22.5 శాతం, దేశంలో అందరికన్నా ఎక్కువ. 1961 నాటికి అది 12.8 శాతానికి పడింది. అదే పదేళ్లలో మర్రే ఒహాయో అనే కంపెనీ 11.6 నుంచి 22.8 శాతానికి ఎదిగింది. మర్రే తన సైకిళ్లను సియర్స్ వంటి భారీ దుకాణాలకు చౌకగా సరఫరా చేసేది. నిజానికి ఆ పదేళ్లలో ష్విన్ అమ్మకాలు పెరిగాయి. బజారు అంతకన్నా వేగంగా పెరిగింది. అమ్మకాల పట్టిక పైకే పోతుంటే ఇంట్లోవాళ్లకు ప్రమాదం కనిపించదు. పతనం తొలి అడుగు తరచు అక్కడే పడుతుంది.

పిల్లల మాట విన్నప్పుడు

1963లో ఫ్రాంక్ డబ్ల్యూ. ష్విన్ చనిపోయాడు. ఆ ఏడాదే కంపెనీ చరిత్రలో అతిపెద్ద విజయాల్లో ఒకటి పుట్టింది. ఆల్ ఫ్రిట్జ్ అనే ఇంజినీరు దానికి కారణం. ఆయన కార్ఖానాలో వెల్డింగు పనితో మొదలై పైకి వచ్చిన మనిషి. కాలిఫోర్నియాలో పిల్లలు పాత 20 అంగుళాల సైకిళ్లకు పొడుగు హ్యాండిళ్లు, అరటికాయ ఆకారపు సీట్లు తగిలించుకుంటున్నారని ఆయన చెవిన పడింది. నవ్వి వదిలేయకుండా దాన్నే కార్ఖానా సరుకుగా మార్చాడు. అదే ‘స్టింగ్-రే’. ఏళ్ల తరబడి అమెరికా పిల్లలు దాని మీదే పెరిగారు.

ఆ తర్వాత 1970ల మొదట్లో మహా గిరాకీ వచ్చింది. పెద్దవాళ్లు గేర్ల సైకిళ్లు ఎక్కారు. 1973లో అమెరికాలో అమ్ముడైన సైకిళ్లు కోటీ యాభై లక్షలు. 1974లో ష్విన్ ఒక్కటే పదిహేను లక్షలు చేసింది. కార్ఖానా అంత ఉత్పత్తిని మునుపెన్నడూ చూడలేదు.

అయితే ఆ కార్ఖానా అప్పటికే పాతబడింది. ష్విన్ ప్రధాన పద్ధతి ఎలక్ట్రో-ఫోర్జింగ్. ఉక్కు రేకును గొట్టంగా చుట్టి, మెడ భాగాన్నీ గొట్టాలనూ విద్యుత్ వేడితో, ఒత్తిడితో ఒక్కటిగా అతికించేవారు. ఆ ఫ్రేము గట్టిది, తరాలు నిలిచేది, కానీ బరువు. పేరున్న ‘వర్సిటీ’ సైకిల్ దాదాపు 18 కిలోలు తూగేది. జపాన్, ఐరోపా కంపెనీలు పల్చటి మిశ్రమ ఉక్కు గొట్టాలతో దానికన్నా చాలా తేలిక సైకిళ్లు చేస్తున్నాయి. గిరాకీ పోటెత్తినప్పుడు వచ్చిన లాభంతో కొత్త యంత్రాలు, కొత్త పద్ధతులు తెచ్చి ఉంటే కథ వేరుగా ఉండేది. ఆ పని జరగలేదు.

వినిపించుకోనప్పుడు

కాలిఫోర్నియా పిల్లలు మళ్లీ మాట్లాడారు. మట్టి ట్రాకుల మీద మోటార్‌సైకిల్ పందేలను అనుకరిస్తూ సైకిళ్లు ఎగిరించారు. అదే బీఎంఎక్స్. ఆ పిల్లల్లో చాలామంది తొక్కినవి స్టింగ్-రేలే. కానీ ఆ దూకుళ్లకు సైకిల్ విరిగితే హామీ కింద తామే చెల్లించాలన్న జంకుతో షికాగో వెనకాడింది. ఆ బజారును కొత్త కంపెనీలు పట్టుకున్నాయి.

రెండోసారి జరిగింది ఇంకా బాధ కలిగించేది. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి మెరిన్ కౌంటీ కొండల మీద గ్యారీ ఫిషర్, జో బ్రీజ్, చార్లీ కెల్లీ వంటి యువకులు 1970ల్లో పాత సైకిళ్లతో వాలుల్లో దిగేవారు. వాళ్లు వెతికి వెతికి కొన్నవి 1930లు, 1940ల నాటి ష్విన్ ఎక్సెల్సియర్ ఫ్రేములు. ఫ్రాంక్ డబ్ల్యూ. చేయించిన పాత ఉక్కుకు ఆ కొండలను తట్టుకునే బలముంది. అంటే మౌంటెన్ బైక్ ష్విన్ ఎముకల మీదే పుట్టింది. కంపెనీ 1978లో ఒక మోడల్ తెచ్చినట్టే తెచ్చి కొద్ది కాలానికే ఆపేసింది. 1981లో స్పెషలైజ్డ్ అనే కాలిఫోర్నియా సంస్థ స్టంప్‌జంపర్‌ను బజారుకు తెచ్చింది. ఆ తర్వాతి పదేళ్ల సైకిల్ చరిత్ర ఆ బండి వెంటే నడిచింది.

స్టింగ్-రే నాడు విన్నది కార్ఖానా నేల మీద పనిచేసిన చెవి. వినిపించుకోనిది దూరంగా ఆఫీసులో కూర్చున్న చెవి. నాకు కనిపించే తేడా ఇదే.

సమ్మె, మూత

1979లో ఇగ్నాజ్ ముని మనవడు ఎడ్వర్డ్ ష్విన్ జూనియర్ పగ్గాలు పట్టాడు. వయసు ముప్పై. మరుసటి ఏడాది అక్టోబరులో షికాగో కార్ఖానాలో సమ్మె మొదలైంది. దాదాపు 1,400 మంది కార్మికులు వాహన కార్మికుల సంఘం తరఫున కొత్త ఒప్పందం కోరారు. సమ్మె నెలల తరబడి సాగింది. షెడ్డు ఖాళీగా ఉన్నా దుకాణాలకు సరుకు ఆగకూడదని కంపెనీ తైవాన్ నుంచి మరిన్ని సైకిళ్లు తెప్పించింది. సరుకు బాగుంది, చౌకగా వచ్చింది. తమ కార్ఖానా లేకుండానే తమ వ్యాపారం నడుస్తుందని ఆ నెలల్లో కుటుంబానికి అనిపించింది. నా దృష్టిలో పతనానికి అసలు మలుపు ఇదే.

1983కల్లా షికాగో కార్ఖానా మూతపడింది. తాతల నాడు వెలిసిన షెడ్లలో వంతులవారీగా తండ్రీ కొడుకులు పనిచేసిన ఇళ్లు ఉపాధి పోగొట్టుకున్నాయి. వాళ్లతో పాటు ఏ గొట్టాన్ని ఎంత వేడికి తేవాలో, ఏ అతుకు ఎక్కడ బలహీనమో చేతితో తెలిసినవాళ్లు చెదిరిపోయారు. కంపెనీ ఆస్తుల చిట్టాలో ఆ జ్ఞానానికి విలువ కట్టే గడి లేదు.

మిసిసిపీ రాష్ట్రంలోని గ్రీన్‌విల్‌లో 1981లో కొత్త కార్ఖానా తెరిచారు. జీతాలు తక్కువ, సంఘం లేదు. అయితే ఆ ఊరు ప్రధాన రహదారులకు దూరం. ఆసియా నుంచి విడిభాగాలు రావాలి, వచ్చేసరికి ఆలస్యం. పని కొత్తగా నేర్చుకుంటున్న చేతులు, నేర్పడానికి పాతవాళ్లు లేరు. పదేళ్లు నష్టాలు మోసి 1991లో అదీ మూశారు.

దాజియాలో నేర్చుకున్నవాళ్లు

ఇప్పుడు సముద్రానికి ఆవలి గట్టుకు వెళ్దాం. తైవాన్‌లో కింగ్ లియూ అనే వ్యాపారి చేపల్లో ఒక రకమైన ఈల్స్‌ను పెంచేవాడు. తుపాను వచ్చి ఆ చెరువులను తుడిచిపెట్టింది. 1972లో దాజియా అనే ఊళ్లో సైకిల్ కార్ఖానా పెట్టి దానికి జెయింట్ అని పేరు పెట్టాడు. సొంత పేరుతో అమ్మే స్థితి లేదు. మన భాషలో చెప్పాలంటే జాబ్ వర్క్ చేసేవాడు. ఆయన సహచరుడు టోనీ లో అమెరికా వెళ్లి ష్విన్‌ను ఒప్పించాడు. సమ్మె తర్వాత ష్విన్ ఇంజినీర్లు, డ్రాయింగులు, కొలతలు, నాణ్యత పరీక్షలు దాజియాకు వెళ్లాయి. షికాగోలో దాదాపు తొంభై ఏళ్లు కూడబెట్టిన విద్య అక్కడి షెడ్లో దిగింది. 1980ల నడుమ జెయింట్ సరుకులో సగానికి మించి ష్విన్‌కే వెళ్లేది.

జెయింట్‌వాళ్లు చేసిన పని ఒకటి మనం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఒకే గిరాకీ మీద ఆధారపడితే ఏదో ఒక రోజు అది పోతుందని ముందే ఎరిగారు. 1981లోనే సొంత ఊళ్లో సొంత పేరు పెట్టారు. 1986లో ఐరోపాలో, 1987లో అమెరికాలో దుకాణం తెరిచారు. అల్యూమినియం, కార్బన్ ఫ్రేముల మీద సొంత పరిశోధన మొదలుపెట్టారు.

ఇదంతా చూసి 1987లో ష్విన్ చైనాలోని షెంజెన్‌కు తిరిగింది. అక్కడి చైనా బైసికిల్ కంపెనీలో మూడో వంతు వాటా కొని ఆర్డర్లు అటు మళ్లించింది. జెయింట్ అమెరికా వ్యాపారానికి పెద్దగా వెళ్లి కూర్చున్నది ష్విన్‌ను వదిలి వచ్చిన అధికారి బిల్ ఆస్టిన్. ష్విన్ నేర్పిన సైకిలే ఎదురు కొట్టులో వేరే పేరుతో నిలబడింది. దానికి బదులు చెప్పడానికి ష్విన్ చేతిలో పేరు తప్ప కార్ఖానా లేదు. హంగరీలో ఒక కార్ఖానాలోనూ పెట్టుబడి పెట్టి చేతులు కాల్చుకుంది.

1992 అక్టోబరులో ష్విన్ దివాలా పిటిషన్ వేసింది. 1993 జనవరిలో కంపెనీ కుటుంబం చేతుల్లోంచి జారి పెట్టుబడిదారుల పరమైంది, ఆఫీసు కొలరాడోకు మారింది. 2001లో మళ్లీ దివాలా. ఈసారి కొన్నది భారీ దుకాణాలకు చౌక సైకిళ్లు సరఫరా చేసే పసిఫిక్ సైకిల్. బెండు తీయడం రానివాడికి సైకిల్ ఇవ్వనన్న ఫ్రాంక్ డబ్ల్యూ. పేరు, బెండు తీసే మనిషే ఉండని సూపర్‌మార్కెట్ల వరుసలోకి చేరింది. తర్వాత కెనడా సంస్థ డోరెల్‌కు, 2022లో నెదర్లాండ్స్ సంస్థ పోన్‌కు చేతులు మారింది.

కుటుంబంలో ఒక కొమ్మ మాత్రం మరోలా బతికింది. పారామౌంట్ ఫ్రేములు చేసే చిన్న వర్క్‌షాపు విస్కాన్సిన్‌లోని వాటర్‌ఫర్డ్ ఊళ్లో ఉండేది. ఇగ్నాజ్ ముని మనవల్లో ఒకడైన రిచర్డ్ ష్విన్, మార్క్ ముల్లర్‌తో కలిసి 1993లో దాన్ని కొన్నాడు. పేరు పెట్టుకునే హక్కు రాలేదు, పనితనం వచ్చింది. ఆ పనితనం మీద వర్క్‌షాపు ముప్పై ఏళ్లు నడిచి 2023లో ఆగింది. పేరు అమ్ముకున్నవారి కన్నా పని పట్టుకున్నవాడు గౌరవంగా నిలబడ్డాడు.

మేడ్చల్ చెప్పే సాక్ష్యం

విద్య ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నకు మన మేడ్చల్‌లో గొప్ప జవాబు ఉంది. 1992లో హైదరాబాద్ ఇంజినీరు కె.ఐ. వరప్రసాద్ రెడ్డి జెనీవాలో ఒక సదస్సుకు వెళ్లారు. హెపటైటిస్-బి వ్యాక్సిన్ మన పిల్లలకు అందని ధరలో ఉందని, ఆ సాంకేతికత అడిగితే విదేశీ సంస్థ ఇవ్వనన్నదని ఆయన చాలాచోట్ల చెప్పారు. 1993లో తల్లి పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం, సీసీఎంబీ ప్రయోగశాలల అండతో సొంతంగా నేర్చుకున్నారు. 1997లో షాన్‌వాక్-బి వచ్చింది. దేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ వ్యాక్సిన్ అది. దిగుమతి సరుకు ధరలు దాంతో దిగొచ్చాయి. 2009లో ఆ కంపెనీ ఫ్రాన్స్ సంస్థ సనోఫీ చేతికి వెళ్లింది. అయినా ఇక్కడి చేతులు నేర్చిన పని ఇక్కడే ఉంది. శామీర్‌పేట దాటాక తుర్కపల్లి దగ్గరి జీనోమ్ వ్యాలీలో కృష్ణ ఎల్లా, సుచిత్ర ఎల్లా 1996లో మొదలుపెట్టిన భారత్ బయోటెక్ ఈనాటికీ కుటుంబ సంస్థే, తయారీ కూడా అక్కడే.

షికాగోవాళ్లు ఉన్న విద్యను బరువనుకుని దించుకున్నారు. మేడ్చల్‌వాళ్లు ఇవ్వనన్న విద్యను పట్టుబట్టి నేర్చుకున్నారు. రెండింటి నడుమ ఎడం దాదాపు పదేళ్లే.

జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి, మేడ్చల్ షెడ్లలో ఈ రోజు వందలాది చిన్న యూనిట్లు పెద్ద కంపెనీల డ్రాయింగులకు జాబ్ వర్క్ చేస్తున్నాయి. జీనోమ్ వ్యాలీలో ఎన్నో సంస్థలు విదేశాల కోసం మందులు, పరిశోధన చేసి పంపుతున్నాయి. వీళ్లంతా ఈ కథలో దాజియా వైపు నిలబడ్డవాళ్లు. జాబ్ వర్క్‌లో చిన్నతనమేమీ లేదు. కానీ వచ్చిన డ్రాయింగు ఎందుకలా ఉందో అడిగి తెలుసుకునే ఇంజినీరుకు జీతం ఇవ్వాలి. లాభం బాగా వచ్చిన ఏడాదే కొత్త యంత్రం కొనాలి. ఒకే కంపెనీ ఆర్డరు సగం దాటితే రెండో దారి వెతకాలి. పాత మేస్త్రీ పదవీ విరమణకు ముందే ఆయన పక్కన ఒక కుర్రవాడిని నిలబెట్టాలి. ఎదిగాక, ఇక తయారీ ఎందుకు, పేరు చాలు అనిపించిన రోజున ష్విన్‌ను తలచుకోవాలి. కార్ఖానాను వదిలిన నాడు ఖర్చు తగ్గినట్టే కనిపిస్తుంది. నేర్చుకోవడం ఆగిపోయిందని తెలియడానికి పదేళ్లు పడుతుంది. అప్పటికి తిరిగి నేర్పేవాళ్లు మిగలరు.

*వచ్చే వారం: మన ఊరి పాలవాళ్లు, పోస్టుమెన్లు, బడి పంతుళ్లు ఎక్కిన అట్లాస్ సైకిల్. 1951లో సోనీపత్‌లో జానకీదాస్ కపూర్ మొదలుపెట్టిన ఆ కుటుంబ సంస్థ ఎలా విడిపోయింది, 2020 జూన్ 3న ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజునే సాహిబాబాద్ కార్ఖానా గేటుకు నోటీసు ఎందుకు పడింది?*